మునిలక్ష్మి బూచోడికి ఇవ్వని పిల్ల

పాకాల రైల్వేస్టేషను వెనక వీధిలో అంగన్‌వాడీ ఆయా మునిలక్ష్మి. ఇరవై ఆరేళ్లుగా మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు పెట్టడం, పిల్లల్ని చాపల మీద వరసగా పడుకోబెట్టడం, ఆ పైన ఒకటే మంత్రం: "కండ్లు మూయకపోతే బూచోడికి పట్టిస్తా!" నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఈమెకు ఆ చెడ్డ నోటితోనే ఊరు మంచిగా గడిచిపోయింది.

నిస్సీ చేరాకే చిక్కొచ్చిపడింది. మూడేళ్ల పిల్ల. వాళ్లమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతూ వదిలిపెడుతుంది. తను నిద్రపోదు, పక్కవాళ్లను పోనివ్వదు. ఆ మంగళవారం టీచరమ్మ మీటింగుకు పోయిన వేళ పప్పు గిన్నె తన్నేసింది. మునిలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరే బూచోడా, యాడుండావురా? ఈ పిల్లను ఎత్తుకొనిపో, నాకొద్దు!"

ఆ క్షణాన నిజంగానే వద్దనిపించింది.

గుమ్మంలో బూచోడు నిలబడి ఉన్నాడు. చెవుల నిండా వెంట్రుకలు, భుజాన గోతాం, కాళ్లకు మాత్రం కొత్త రబ్బరు చెప్పులు. చాపల మీది పిల్లలంతా టక్కున కళ్లు మూసుకున్నారు. ఇరవై ఆరేళ్లలో అంత చక్కగా ఎవరూ మూసింది లేదు.

"ఇన్నేండ్లూ ఉత్తుత్తికే పిలిస్తివి మే, ఊరుకున్నా. ఈ పొద్దు మనసులోంచి పిలిచినావు. పిల్లనియ్యి," అన్నాడు.

నిస్సీ ఆమె వెనక నక్కి చీర పట్టుకుంది. ఆ చిన్న చేతుల వణుకు తెలిసి మునిలక్ష్మికి తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఆ వెంటనే వాడి మీద కోపమొచ్చింది. అన్నం గరిటె అందుకుంది.

"ఏమప్పా, కోపంలో అన్న మాటకు బిడ్డనెత్తుకుపోతావా? పాకాల ఆడోళ్ల తిట్లన్నీ నిజమైతే ఈడ మగోడనేవాడు మిగుల్తాడా?"

"ఇస్తానన్నావు. మాట మాటే."

"సరే, అట్లయితే వరసలో రా! సంగటి తిననన్నానని మా అమ్మ నన్ను నీకిచ్చేసి యాభై ఏండ్లయింది. ముందు నన్నెత్తుకో. తర్వాత మా ఇంటాయన, మా అత్త ఆయన్ని దినామూ నీకే ఇచ్చేది. ఆ పైన సర్పంచి, ఎస్సై, స్టేషన్ మాస్టరు, వాళ్లనూ వాళ్లమ్మలు నీకిచ్చినోళ్లే. ఈ పిల్ల వంతు అందరికన్నా ఆఖర్న. తెరువు గోతాం!"

బూచోడు ఆమెను ఎగాదిగా చూశాడు. మనిషి ఎనభై కిలోలు. గోతాం పాతిక కిలోల బియ్యానిది. వాడు లెక్క తేల్చుకునేలోపే ఆమె ఒక కాలు అందులో పెట్టేసింది. గోతాం పర్రున చిరిగింది.

వాడు పేలికలు చుట్టుకుని వెనుదిరిగాడు. గుమ్మం దాటేముందు, "పిల్లోళ్ల చేతికి ఫోన్లొచ్చినాక నన్ను పిలిచేవాళ్లే లేరు. రేపన్నా పిలుస్తావా మే?" అన్నాడు దీనంగా.

"సచ్చినా పిలవను."

మర్నాడు మధ్యాహ్నం ఒక్క పిల్లా పడుకోలేదు. చాపలు పడవలయ్యాయి. గది సంతలా ఉంది. టీచరు నిర్మలమ్మ తల పట్టుకుంది.

"సూపర్‌వైజరు వచ్చే టైమైంది మునిలక్ష్మీ! ఆ బూచోడి పేరు ఒక్కసారి ఎత్తు."

"ఎత్తను టీచరమ్మా. ఆమెను ఏం రాసుకుంటుందో రాసుకోమను. నిన్న ఈ పిల్ల నా చీర పట్టుకోని వణకడం సూసినా. ఇరవై ఆరేండ్లుగా నేను ఒక్క బిడ్డను గూడా నిద్రబుచ్చలేదు. భయంతో కండ్లు మూసుకోనుండారు, అంతే."