నీళ్లకు మోటారు బిగించిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వేడినీళ్లు తమంతట తామే పైకెక్కేవి. ఏన్కూరు దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఊరు మాది. చలికాలం పొద్దున బావినీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. కీళ్లనొప్పులతో లేవలేని మా నాయనమ్మకు రోజూ వేడినీళ్ల స్నానం తప్పనిసరి. బొగ్గుగనిలో ఫిట్టరుగా చేసి ఇంటికొచ్చిన మా చిన్నతాత, తన వదినగారి కోసం పెరట్లో కట్టెలపొయ్యి మీద మూసిన ఇనుప పీపా ఒకటి పెట్టి, దాన్ని రెండు గొట్టాలతో పైనున్న ట్యాంకుకు కలిపాడు. పొయ్యి రాజేస్తే కాగిన నీళ్లు ఒక గొట్టంలో పైకి పోయేవి, చల్లనివి రెండోదాంట్లో కిందికి దిగేవి.

లోపల ఎవరో కూర్చుని తోస్తున్నారని నా నమ్మకం. అది తెలిసి చిన్నతాత గిన్నెడు నీళ్లలో గుప్పెడు నానిన రంపపుపొట్టు వేసి, ఒక అంచు కింద మంట పెట్టాడు. పొట్టు ఆ వైపు పైకి లేచి, మెల్లగా నడిచి, రెండో వైపు మునిగింది. మళ్లీ లేచింది. నేను అన్నం మాట మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను.

"వేడైతే నీళ్లు తేలికైతయ్ బిడ్డా. గంతే," అన్నాడాయన.

తర్వాత నాయనమ్మకు ఇంటికి ఆ చివర కొత్త గది కట్టారు. అంత దూరం నీళ్లు వాటంతటవి పోవు కనుక చిన్నతాత ఆ గొట్టాలనే అటు మళ్లించి చిన్న కరెంటు మోటారు బిగించాడు. దాంతోపాటు పీపా మీంచి ఇంటికప్పు దాటేలా ఇంకో గొట్టం నిలబెట్టి, దాని మూతి పైనున్న చల్లనీళ్ల తొట్టి మీదికి వంచాడు.

"గదెందుకు బాబాయ్? వేడంతా అందులకెల్లే పోతది. మూసెయ్," అన్నాడు మా నాన్న.

"మూస్తే మోటారు ఇప్పుకొని పోత," అన్నాడు చిన్నతాత. నాన్న మొహం మాడ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున మోటారు వేశారు. ఆ చివర నల్లాలో పొగలు కక్కుతూ నీళ్లొచ్చాయి. అమ్మలక్కలంతా చూడ్డానికి వచ్చారు. నాయనమ్మ పొయ్యి పక్కన పీట మీద కాళ్లు కాచుకుంటూ మురిసిపోతోంది. అంతలో కరెంటు పోయింది.

మోటారు ఆగింది కానీ పొయ్యి ఆగలేదు. నీళ్లు కదలక పీపాలోనే మరిగాయి. పీపా లోపల ధన్ ధన్‌మని చప్పుడు మొదలైంది. జనం వెనక్కి ఉరికారు. నాయనమ్మ లేవలేదు. నాన్న పరుగున పోయి ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు.

అప్పుడు పైన హోరుమంది. ఆ గొట్టం మూతిలోంచి మరిగే నీళ్లు ఎగజిమ్మి తొట్టిలో పడుతున్నాయి. తెల్లటి ఆవిరి పెంకుల మీంచి లేచి, ఎండలో మెరుస్తూ అడవి వైపు సాగింది. పీపా మెల్లగా శాంతించింది. తల్లిని చేతుల్లో పట్టుకుని నాన్న అట్లాగే పైకి చూస్తూ నిలబడిపోయాడు.

చిన్నతాత కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి నీళ్లు చల్లాడు.

"నడిచేటప్పుడు అందరు చూస్తరు. ఆగితే ఏమైతదో ముందుగాల చూసుకోవాలె," అన్నాడు నాన్నతో, కోపం లేకుండా.

పెద్దయ్యాక నేను గోదావరి ఒడ్డున ఒక దవాఖానాలో నర్సుగా చేశాను. ఊపిరాడని పసిపిల్లలకు మిషను పెట్టిన ప్రతిసారీ, అది నడుస్తోందా అని అందరి కళ్లూ దాని మీదే ఉండేవి. నేను మాత్రం చేత్తో నొక్కి గాలి అందించే సంచి మంచం పక్కన ఉందో లేదో చూసుకునేదాన్ని. రెండుసార్లు మిషను ఆగింది. రెండుసార్లూ ఆ సంచి నా చేతికి అందింది.