ఐదు సెకన్లు ఆగిన జెండా

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎడ్ల బండలాగుడు పోటీ ఎక్కడ జరిగినా టైము చూడటానికి నన్నే పిలుస్తారు. బడిలో డ్రిల్లు మాస్టరుని. సెకను కూడా అటూ ఇటూ కానివ్వనని పేరు. ఆ పేరంటే నాకు కాస్త పొగరు కూడా.

అందుకే శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో తెరచాప పడవల పోటీ పెట్టినప్పుడు, నంద్యాల నుంచి వచ్చిన రెఫరీ పోటీ మొదలుపెట్టే జెండా నా చేతికిచ్చాడు. తగుదునమ్మా అని పోయాను. నా దగ్గర చదివిన రుద్రవరం అమ్మాయి కూడా పోటీలో ఉంది. మొదట వస్తే రాష్ట్ర జట్టులో చోటు. ఏడాదిగా ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు.

గాలికి పడవ ఒకచోట నిలవదు. అందుకని ఐదు నిమిషాల ముందే హారన్ కొడతారు. పిల్లలు తమ వాచీలు నొక్కుకుని, అక్కడక్కడే తిరుగుతూ, సరిగ్గా జెండా దిగే క్షణానికి గీత దాటేలా వస్తారు. గీతంటే నేనూ రెఫరీ ఉన్న పడవకూ, నీళ్లలో తేలే ఎర్ర డ్రమ్ముకూ మధ్యనున్న నీళ్లే. ముందే దాటినవాళ్లకు ఇంకో హారన్ కొడతారు, వాళ్లు వెనక్కి తిరిగొచ్చి మళ్లీ దాటాలి. ఇదంతా చెబితే బుర్ర ఊపాను.

ఐదు నిమిషాలూ అయ్యాయి. సరిగ్గా అప్పుడే ఓ చిన్న పడవ తాడు చిక్కుపడి వెనకబడింది. ఎడ్లు కాడి కింద కుదురుకునేదాకా ఈల వేయకపోవడం మా పద్ధతి. పాపం అనిపించి చెయ్యి ఆగింది. ఐదు సెకన్ల తర్వాత దించాను.

"ఆ రుద్రవరం పాప ముందే దాటిందప్పా," అన్నాడు రెఫరీ. హారన్ కొట్టాడు. ఆమె తిరగలేదు. అందరికంటే ముందొచ్చింది, కానీ లెక్కలోకి తీసుకోలేదు.

"తప్పు నాదన్నా. జెండా నేనే ఆపినా," అన్నాను.

"ఆపేకి ఇవేమన్నా ఎడ్లా? రూలు జెండాదప్పా, వాచీది కాదు."

మంచికి పోతే చెడు ఎదురైందని సరిపెట్టుకుందామన్నా, ఆ మంచి నన్ను ఎవరు చేయమన్నారు?

ఒడ్డున ఆ పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిట్టినా బాగుండేది.

"హారన్ వినపడింది సార్, నాకు కాదనుకున్యా," అంది. "జెండా చూడల్యా. పట్టుకునింది మీరు కదా, వాచీ చూసుకుంటే చాలనుకున్యా."