తాబేలుకు అద్దాల ఇల్లు

ఫొటోలకు ఫ్రేములు కట్టే ఆ పెద్దమనిషి, అద్దం కనబడితే చాలు, ముందు నోటితో ఆవిరి ఊది చొక్కా అంచుతో తుడిచిగానీ మాట్లాడడు. కూతురు అరచేతిలో పట్టేంత తాబేలుపిల్లను తెచ్చినప్పుడు, కొట్టులోని మంచి అద్దాలు ఏరి నాలుగు వైపులా బిగించి దానికి ఇల్లు కట్టాడు. అడుగున మట్టి పరిచి, లోతు లేని పళ్లెంలో నీళ్లు, పక్కన ఆకులు పెట్టి, వెచ్చదనానికి పైన బల్బు వేలాడదీశాడు. తాబేలు రోజంతా ముందుకాళ్లతో అద్దాన్ని గోకేది. ఆయన పొంగిపోయి, కొట్టుకు వచ్చినవాళ్లందరినీ లోపలికి పిలిచి చూపించేవాడు. "చూశారా, నేను కనబడితే చాలు, ఎత్తుకోమంటుంది."

ఒక మధ్యాహ్నం అలాగే ఒక ముసలావిడకు చూపిస్తుంటే, భోజనానికి వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ వెళ్లాక మెల్లగా అంది. "నాన్నా, నువ్వు లేనప్పుడూ అలాగే గోకుతుంది. దానికి అద్దం తెలీదు, దారి ఉందనుకుంటోంది. నువ్వు సంబరపడుతుంటే చెప్పలేకపోయాను." ఆయన తాబేలును చేతిలోకి తీసుకుని కళ్లజోడు సర్దుకుని చూశాడు. ముక్కు కొస ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఇన్నాళ్లూ అద్దం మీది మరకలు తుడిచాడేగాని, అవి ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూడలేదు. కొట్టు మూసేసి, పలచని చెక్కలు తెచ్చి, బయట కనబడకుండా అద్దాల చుట్టూ బిగించాడు. కూతురు సాయం పడతానన్నా, ఆమె మొహం చూడలేక వద్దన్నాడు. ఆఖరి చెక్క పడ్డాక పైనుంచి తొంగిచూశాడు. తాబేలు కాసేపు చెక్క వెంబడి నడిచి, వెనక్కి తిరిగి, ఆకు కొరికి, మట్టిలోకి దూరి తల లోపలికి లాక్కుంది.

"పడుకుందమ్మా," అన్నాడు, తల ఎత్తకుండానే.