లైబ్రరీ బాగుచేసిన ఏడాది

1949 జూన్. సూర్యాపేట మిడిల్ స్కూల్లో నేను తెలుగు పంతులుగా చేరి నెల కూడా కాలేదు. నిజాం పాలన పోయి ఏడాది నిండలేదు. అంతవరకు ఉర్దూలో సాగిన చదువు ఆ జూన్‌లోనే తెలుగులోకి మారింది. మాది కోదాడ. బెజవాడలో చదువుకొని వచ్చినవాణ్ణని హెడ్మాస్టరు లైబ్రరీ నాకు అప్పగించి, "దీన్ని పిల్లలు వాడుకునేటట్టు చెయ్యండి" అన్నారు.

లైబ్రరీ అంటే ఆరు బీరువాలున్న ఒక గది. పుస్తకం కావాల్సిన పిల్లవాడు చీటీ రాసుకొని గుమ్మం బయట నిలబడాలి. దీన్ని క్లోజ్డ్ యాక్సెస్ అంటారు. అంటే చదివేవాడు బీరువా ముట్టుకోకూడదు. బెజవాడలో నేను చూసింది ఓపెన్ యాక్సెస్. ఎవరికి కావాల్సింది వాళ్లే వెతుక్కొని తీసుకుంటారు. నేను తాళాలు తీయించాను, చాపలు పరిపించాను, ప్రతి తరగతికీ వారానికొక లైబ్రరీ పీరియడ్ పెట్టించాను. కొత్తగా తెప్పించిన తెలుగు పుస్తకాలకు చోటు చాలలేదు. మూడు బీరువాల నిండా ఉర్దూ పుస్తకాలున్నాయి. వాటిని సామాన్ల గదికి పంపేయాలనుకున్నాను.

నాకంటే ముందు లైబ్రరీ చూసింది గఫూర్ గారు. ఉర్దూ చెప్పేవారు. అందరూ మౌల్వీ సాబ్ అనేవారు. పుస్తకాలు మోయిస్తుంటే వచ్చి నిలబడ్డారు.

"సార్, కథల కితాబులు తీసేయుండ్రి, నేనేమనను. లెక్కలయి, సైన్సుయి మాత్రం ఉండనియ్యుండ్రి. పోరగాండ్లకు గాదు, పంతుళ్లకు కావాలె. జర ఒక్కటి తెరిచి సూడుండ్రి" అని ఒక పుస్తకం అందించబోయారు.

నేను చెయ్యి చాపలేదు. "చూసేదేముందండీ? మీ కాలం అయిపోయింది, మౌల్వీ సాబ్" అన్నాను.

అక్కడ నలుగురు పిల్లలున్నారు. ఒకడు నవ్వాడు. మౌల్వీ సాబ్ ఆ పుస్తకాన్ని తన చేత్తోనే కుప్ప మీద పెట్టి, "అచ్ఛా సార్" అని వెళ్లిపోయారు. ఆగస్టులో ఆయనకు మిర్యాలగూడ బదిలీ అయింది. వెళ్లేముందు అందరితో మాట్లాడారు, నాతో తప్ప.

లైబ్రరీ మాత్రం కళకళలాడింది. పిల్లలు చాపల మీద బోర్లా పడుకొని చదివేవారు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు నా భుజం తట్టారు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

సెప్టెంబరులో ఒకరోజు లెక్కల నర్సయ్య గారి తరగతి నుంచి ఒకటే గోల. కిటికీలోంచి చూశాను. నర్సయ్య గారిది త్రిపురారం దగ్గర గొర్లు కాసే కుటుంబం. వాళ్లింట్లో బడి మెట్టెక్కిన మొదటి మనిషి. ఒకటో తరగతి నుంచీ ఉర్దూలోనే చదివారు, ఎనిమిదేళ్లుగా ఉర్దూలోనే చెప్పారు. బోర్డు మీద త్రిభుజం చక్కగా గీసి, దాని తెలుగు పేరు నోటికి రాక నిలబడ్డారు. చివరికి ఉర్దూలోనే "ముసల్లస్" అన్నారు. తరగతి గొల్లుమంది.

ఆ మధ్యాహ్నం ఆయన సామాన్ల గదిలో కింద కూర్చొని కనిపించారు. పెంకులు కారి, నేను పంపించిన ఉర్దూ పుస్తకాల కుప్పంతా తడిసింది. తడవని వాటిని చెదలు తిన్నాయి.

"ఏం వెతుకుతున్నారండీ?"

"మౌల్వీ సాబ్ రాసిన లెక్కల కితాబు. నాకు లెక్క వస్తది సార్. మాట వస్తలేదు."

సగం మిగిలిన ఒక పేజీ నా ముందు పెట్టారు. అచ్చయిన ఉర్దూ మాటల పక్కన పెన్సిలుతో తెలుగు మాటలున్నాయి, చిన్నపిల్లల అక్షరాల్లా పెద్దగా, వంకరగా. ముసల్లస్ అన్నచోట 'ముక్కోణం'. జావియా ఖాయిమా, అంటే లంబకోణం, అన్నచోట 'వడ్లాయన మూలమట్టం పెడితే కుదిరే మూల'.

"ఇండ్లల్ల తెలుగు మాట్లాడే పోరలకు ఉర్దూ సమజ్ గాదని, ఊర్లె వాళ్లను వీళ్లను అడిగి రాసిండు సార్. ఏండ్లు పట్టింది. గీ మాటలే ఇప్పుడు నాకు కావాలె."

మిగతా పేజీలు విడదీయబోతే ముద్దగా ఊడి వచ్చాయి.

ఆ ఆదివారం మిర్యాలగూడ వెళ్లాను. మౌల్వీ సాబ్ కుర్చీ వేసి, చాయ్ ఇప్పించారు. తప్పయిందన్నాను. మళ్లీ రాసిపెట్టమని బతిమాలాను.

"సూపు తగ్గింది సార్" అన్నారు. చాయ్ గ్లాసు నా ముందుకు జరిపి, "సూపున్నా రాయను. ఆనాడు నవ్విన పోరడు నా దగ్గర అయిదేండ్లు సదివిండు" అన్నారు.

నేనే కూర్చొని నర్సయ్య గారికి మాటల జాబితా ఒకటి తయారుచేశాను. నాకు తెలుగు వచ్చు, లెక్కలు రావు. అది ఆయనకు అక్కరకు రాలేదు. దసరా సెలవులయ్యాక ఆయనే అడిగి ఒకటో తరగతికి మారారు. ఎక్కాలు చెప్పుకుంటూ అక్కడే రిటైరయ్యారు. వరండాలో ఎదురైతే నమస్కారం పెట్టేవారు. ఆ నమస్కారం తీసుకోవడం నాకు ఆ బడిలో ఉన్నంతకాలం కష్టంగానే ఉండేది.

తరువాత నేను పనిచేసిన ప్రతి బడిలోనూ, ఒక్క పుస్తకం కదపకముందే ఉపాధ్యాయులందరి దగ్గరికీ వెళ్లి, దేన్ని చూసి పాఠం చెబుతున్నారని అడిగాను. ఇది గొప్ప పద్ధతని మెచ్చుకున్నవాళ్లున్నారు. సూర్యాపేటలో అడిగి ఉంటే నాకు ఒక్క పూటే పట్టేది. ఇద్దరు మంచి పంతుళ్లను పోగొట్టుకున్నాకే ఆ బుద్ధి పుట్టింది.