ఆయుధపూజ రోజు ఆపేసిన సర్వర్

గచ్చిబౌలిలో ఒక కంపెనీ పరువునూ ఒక ఆడపిల్ల ఉద్యోగాన్నీ ఒకే పూటలో కాపాడినవాణ్ణి నేను. వినేవాళ్లు కొత్తవాళ్లైతే, దొంగతో తెర మీద ముఖాముఖి తలపడ్డానని కూడా కలుపుతాను.

ఆ రోజు ఆయుధపూజ. రిటైరయ్యాక ఆ చిన్న కంపెనీలో సర్వర్ గది చూసుకునేవాణ్ణి. పొద్దున్నే తెలిసింది: ఖాతాదారుల వివరాలు మా సర్వర్ నుంచి బయటికి పోతున్నాయి, అదీ మాతో పనిచేసే కర్నూలు అమ్మాయి లాగిన్ మీద. ఆమె అద్దాల తలుపు బయట నిలబడి, "నేను కాదు సార్. నా పాస్‌వర్డు ఎవురో ఎత్తుకపోయినారు. ఏమన్నా చేసి చూడండి సార్" అని అదే మాట అంటోంది. లోపల మేనేజరు అప్పుడే ఆమె రాజీనామా సంగతి మాట్లాడుతున్నాడు.

నా ముందు రెండు దారులు. సర్వర్ ఆపేసి డిస్కుకు నకలు తీయడం ఒకటి. అది పక్కా పని. కాని పాస్‌వర్డులు కాజేసే ప్రోగ్రాము డిస్కు మీద పడకుండా మెమరీలోనే బతుకుతుంటే, కరెంటు తీసిన క్షణాన దాని జాడ చెరిగిపోతుంది. రెండోది, నెట్‌వర్క్ తీగ మాత్రం పీకి, సర్వర్‌ను నడవనిచ్చి, ముందు మెమరీకి నకలు తీయడం. ఆ పిల్లకు దిక్కు ఈ రెండో దారే. తీగ పీకాను. "నకలు తీసేదాకా దీన్నెవరూ ముట్టొద్దు" అన్నాను.

"ఏంది సార్ గిట్ల? ముహూర్తం పోతున్నది" అన్నాడు మేనేజరు. "అన్నీ బంద్ చేసి బొట్లు పెట్టాలె గద. జర జల్ది కానియ్యుండ్రి."

నేను కొండలా అడ్డం నిలబడ్డానని ఇన్నాళ్లూ చెప్పాను. కోతలు. పెద్దవాణ్ణని ఏటా పూజ పళ్లెం నా చేతికే ఇస్తారు. ఆ ఏడూ ఇచ్చారు. ఒక్కో సర్వర్‌నూ ఆపడం, పసుపు రాయడం, బొట్టు పెట్టడం; అలవాటు పడ్డ చేతులు, పోతూనే ఉన్నాయి. ముట్టొద్దన్న ఆ సర్వర్ ఫ్యాను చప్పుడు ఆగాక గానీ నాకు స్పృహ రాలేదు. ఆ పిల్ల అద్దానికి రెండు చేతులూ ఆనించి చూస్తోంది.

డిస్కంతా గాలించాను. ఏమీ లేదు. చివరికి దిక్కుతోచక, నెట్‌వర్క్ గుమ్మం దగ్గర నమోదైన రాకపోకలు తిరగేశాను. ఆమె తన సీట్లో కూర్చుని పనిచేస్తున్న వేళకే, అదే లాగిన్ ఊరూపేరూ తెలియని బయటి చిరునామా నుంచీ తెరుచుకుని ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఆమె దొంగ కాదని ఆ రకంగా తేల్చాను.

ఇంతవరకూ రాసి, ఆమెకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఏం తేల్చినారు సార్? పాస్‌వర్డు నేనే ఎవురికో అమ్ముకున్యానని మేనేజరోళ్లన్నారు. కాదని చూపించేది ఆ మెమరీ ఒగటే. దాన్ని మీరు ఆపేస్తిరి. నా ఉద్యోగం ఆ సాయంత్రమే పాయ."