రైల్వే గేటు మీద మా పరిశోధన

అప్పట్లో ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ అంటే భోజనంలో ఊరమిరపకాయ లాంటిది. ఉంటే ఉండనిస్తారు, లేకపోతే ఎవరూ అడగరు. విశాఖలో ఒకపక్క ఉక్కు ఫ్యాక్టరీ లేస్తోంది, మరోపక్క పోర్టులోకి ఓడలు వస్తున్నాయి, ఎవరి నోట విన్నా ఇనుము మాటే. అలాంటి ఊళ్ళో, పద్యాలూ నాటకాలూ చదివి ఎమ్మే పాసైన నాకు, ఇంజనీరింగ్ పిల్లలకి ఇంగ్లీషులో సైన్సు రిపోర్టులు రాయడం నేర్పే ఉద్యోగం దొరికింది. తాత్కాలికం. ఏడాది చివర ప్రిన్సిపాల్‌గారు సరేనంటే ఉంటాను. లేదంటే గోదావరి జిల్లా నుంచి మా మేనత్త పంపిస్తున్న పెళ్ళికొడుకుల ఫోటోలు చూసుకుంటూ ఇంట్లో కూర్చుంటాను. (ఆ ఫోటోల్లో అందరూ ఒకే కోటు వేసుకుని ఉండేవారు. స్టూడియోవాడిదే అయివుంటుంది.) ఇరవై మూడేళ్ళ వయసులో ఆ ఉద్యోగం కన్నా గొప్పది నాకు ప్రపంచంలో కనిపించేది కాదు.

మా ప్రిన్సిపాల్‌గారిని పిల్లలు చాటుగా సైరన్‌గారు అనేవాళ్ళు. ఆయన్ని చూసి గడియారం సరిచేసుకోవచ్చని దాని అర్థం. కాలేజీ ఆవరణలోనే క్వార్టర్సు, కాబట్టి ఆయనకి ఆలస్యమన్నది తెలియదు. నేను మాత్రం ఊళ్ళోంచి కాలేజీ బస్సులో రావాలి. దారిలో రైల్వే గేటు. పోర్టుకి ఇనుప ఖనిజం మోసే వ్యాగన్లు ఆ గేటు మీదుగా వెళ్ళేవి, అదీ ఎంత తీరిగ్గానో! అవి కదిలేలోపు నేను పల్లీల పొట్లం తినేసి, ఆ పొట్లం కాగితం మీద వార్తలు కూడా చదివేసేదాన్ని. ఆలస్యంగా వచ్చినందుకు ఒక మెమో అయింది, రెండోదీ అయింది. గేటు సంగతి చెబితే సైరన్‌గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "గేటన్నాక పడుతుందమ్మా, లేస్తుంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే వచ్చే ఏడాది నీ సంగతి ఆలోచించుకోవాల్సి వస్తుంది" అన్నారు.

ఆ ఉక్రోషంతోనే క్లాసుకి వెళ్ళి, "ఈసారి రిపోర్టు రైల్వే గేటు మీద. ఎంతసేపు పడుతోందో, ఎందుకు పడుతోందో గమనించి రాయండి" అని చెప్పాను. వారం తిరక్కుండానే కాగితాలు వచ్చాయి. అక్షరాలు ముత్యాలే, గ్రాఫులు అద్భుతమే. క్లాసంతటికీ జవాబు మాత్రం ఒక్కటే, గేటు పడేది సగటున మూడు నిమిషాలట! నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ పద్మనాభం నుంచి వచ్చి మా బస్సెక్కే కుర్రాడొకడు ఉండేవాడు (అతన్ని అందరం ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళం). లేపి అడిగాను.

"ఏమయ్యా పద్మనాభం, నువ్వు రోజూ నా వెనక సీట్లోనే కదా గేటు దగ్గర నిద్రపోతావు! మూడు నిమిషాలేమిటి?"

"ఏటి మేడమ్ అలాగంతారు? ముందు రిజల్టు ఏసుకుని, రీడింగులు ఎనకనుంచి లాగుతాం. ల్యాబులో అందరం అలాగే సేత్తన్నాం. రిజల్టెంతని సీనియర్ని అడిగితే మూడేసెయ్ అన్నాడు."

"మరి నువ్వు కళ్ళారా చూసింది?"

"అది బుక్కులో నేదు కదా మేడమ్!"

ఆ క్షణంలో నాకు తెలిసింది, వీళ్ళకి నేను నేర్పాల్సింది ఇంగ్లీషు కాదని. కాగితాలన్నీ వెనక్కి ఇచ్చేశాను. స్టాప్‌వాచీలు ఇప్పించి, జట్లుగా గేటు దగ్గరికే తోలాను. గేటుమాన్ హడలిపోయాడట. "ఏటి బాబూ, గడియారాలట్టుకుని ఇక్కడేటి సేత్తన్నారు? ఇనిస్పెక్షనా?" అని అడిగి, జవాబు వినకుండానే యూనిఫాం చొక్కా తొడుక్కొచ్చాడట. పిల్లలు ఎండలో నల్లబడ్డారు, తాటిముంజలు తిన్నారు, రీడింగులు మాత్రం నిజంగానే రాశారు. తొలి ప్రతిలో 'మన ప్రియతమ గేటు' అని మొదలుపెడితే కొట్టేశాను. అర్థంకాని ప్రతి మాటకీ వాళ్ళని నిలబెట్టి అడిగాను. నాకు ఇంజనీరింగు బొత్తిగా రాకపోవడం అప్పుడు భలే పనికొచ్చింది, ఎందుకంటే నాకర్థమయ్యేలా రాసేసరికి అది ఎవరికైనా అర్థమయ్యేలా తయారైంది. అందులో అసలు కిటుకు పద్మనాభం పట్టాడు. పోర్టులో ఖనిజం ఎత్తుకునే ఓడ ఉన్న రోజుల్లోనే గేటు ఎక్కువసేపు పడుతోంది. కాబట్టి ఓడ వచ్చిందంటే మర్నాడు బస్సు అరగంట ముందు బయల్దేరాలి. అదీ మా సిఫారసు.

టైపు చేయించి గర్వంగా సైరన్‌గారికి ఇచ్చాను. "ఇన్ని పేజీలు చదివే తీరిక నాకెక్కడిదమ్మా?" అని పక్కన పడేశారు. ఏడాది చివరికొచ్చేసింది, మేనత్త దగ్గర్నుంచి ఇంకో కోటు ఫోటో కూడా వచ్చింది.

అప్పుడు దేవుడు దయతలిచాడు. ఊళ్ళో బావమరిది ఇంట్లో రాత్రి ఆగిపోయిన సైరన్‌గారు, పొద్దున్నే మా బస్సే ఎక్కారు, ముందు సీట్లో, నిటారుగా. గేటు దగ్గరికి వచ్చేసరికి, కన్నులపండుగగా, గేటు పడింది! మొదట ఆయన వాచీ చూసుకున్నారు. తర్వాత డ్రైవర్ని చూశారు. వ్యాగన్లు కొంచెం కదిలి, ఆలోచనలో పడ్డట్టు ఆగిపోయాయి. పద్మనాభం వెనక నుంచి లేచి వెళ్ళి, రిపోర్టు కార్బన్ కాపీ ఆయన చేతిలో పెట్టాడు.

"ఊరికే కూకోడమెందుకు సార్, ఇది సదవండి."

సైరన్‌గారు మొదటి పేజీ తిప్పారు, రెండోదీ తిప్పారు. సిఫారసు దాకా వచ్చి తలెత్తారు.

"అయితే ఇవాళ ఓడ ఉందా?"

"నిన్న సాయంత్రం బీచ్‌లో ఉంటే లోనికెల్తా కనిపించింది సార్. నాను సూసినాను."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, వాచీ చూస్తూ, మా పట్టిక కింద ఆ రోజు రీడింగు స్వయంగా వేయడం మొదలుపెట్టారు! గేటు లేచాక సంతకం కూడా పెట్టారు. కాలేజీలో దిగేటప్పుడు నాతో, "బాగుందమ్మా, ఎక్కడా ఆగకుండా చదివాను. మెమోలు మర్చిపో. వచ్చే ఏడాది కూడా నువ్వే చెప్పు" అన్నారు. వెనక నుంచి పిల్లల ఈలలు.

గంజి పెట్టిన చీరలో, చంకలో పుస్తకాలతో, వరండా అంతా నాదేనన్నట్టు నడిచి క్లాసులోకి వెళ్ళాను. ఓడ గురించీ, గేటు గురించీ, కళ్ళతో చూసినదాన్ని నమ్మడం గురించీ గడగడా చెప్పేశాను. ఆఖరికి ఊపిరి తీసుకుని చూస్తే, బోర్డు దగ్గర సుద్దముక్కతో ఫిజిక్సు మాస్టారు నిలబడి ఉన్నారు. నా పీరియడ్ గేటు దగ్గరే అయిపోయింది, నేను దూరింది ఆయన క్లాసులోకి. పాపం, ఆయన అడ్డు చెప్పకుండా శ్రద్ధగా వింటున్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పాను. ఎప్పుడూ సరైన క్లాసులోకే వెళ్ళాను. కానీ అంత బాగా మాత్రం మళ్ళీ ఎప్పుడూ నడవలేదు.