పిలవకుండా దాచిన పేరు

2022, వానాకాలం. కొండాపూర్ దగ్గర ఒక పిల్లల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా అప్పటికి నాకు పదేళ్ళు దాటాయి. నా పని ఎన్.ఐ.సి.యు.లో. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళనీ, పుట్టగానే ఊపిరి అందనివాళ్ళనీ ఉంచే గది అది. కిటికీలోంచి చూస్తే అన్నీ అద్దాల ఆఫీసులే. మా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో సగంమంది ఆ అద్దాల వెనక పనిచేసేవాళ్ళే. మెడలో ఆఫీసు కార్డు తియ్యడం కూడా మరిచిపోయి లోపలికి వచ్చేస్తారు. చేతులు కడుక్కోండి, గౌను వేసుకోండి అని కసిరితే తప్ప వినరు. కసరడం నాకు బాగానే వచ్చు. చందానగర్‌లో మా వీధిలో కూడా నా నోటికి జడిసేవాళ్ళున్నారు.

మా గదిలో పిల్లలకు పేర్లుండవు. కాలికి కట్టే బ్యాండ్ మీద ‘బేబీ ఆఫ్’ అని రాసి, పక్కన తల్లి పేరు రాస్తాం. మనవాళ్ళలో పేరు పెట్టేది బారసాలనాడు కదా, ఇరవై ఒకటో రోజుదాకా ఆగాలి. మా పిల్లల్లో కొందరికి అంత గడువు ఉండదు. అందుకని మేమే ఏదో ఒకటి తగిలిస్తాం. ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండేవాడు తహసీల్దారుగారు. గొట్టాలు పీకి పారేసే పిల్ల ఝాన్సీరాణి. ఇక ఇంటివాళ్ళు పెట్టే పేర్ల సంగతి అడగొద్దు. ఒకసారి మా గదిలో ఒకేసారి ముగ్గురు విహాన్‌లు ఉండేవారు. ఏ విహాన్ పాలు తాగాడో, ఏ విహాన్ కక్కాడో చెప్పుకోలేక నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు వచ్చిన ఒక బాబు బ్యాండ్ మీద ‘బేబీ ఆఫ్ మాధవి’ అని ఉంది. ఏడో నెలలోనే పుట్టాడు. నా అరచేయీ మణికట్టూ కలిపితే ఎంతో అంత ఉన్నాడు. ఊపిరితిత్తులు ఇంకా సిద్ధంగా లేవని వెంటిలేటర్ పెట్టారు. మాధవి కాకినాడమ్మాయి, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. భర్త కిరణ్‌ది సంగారెడ్డి వైపు పల్లె. ఇద్దరూ ఒకే ఆఫీసులో కలిసి, పెళ్ళి చేసుకుని లింగంపల్లిలో ఫ్లాట్ తీసుకున్నారు. అంతకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. ఈ బిడ్డ మీదే వాళ్ళ ప్రాణమంతా ఉంది.

ఆపరేషన్ నొప్పితోనే మాధవిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఇంక్యుబేటర్ అంటే బిడ్డను వెచ్చగా ఉంచే గాజుపెట్టె. దాని పక్కన చేతులు పెట్టడానికి గుండ్రటి కిటికీలుంటాయి. ఒకటి తెరిచి, “చెయ్యి లోపల పెట్టి నెమ్మదిగా తల మీద ఆనించమ్మా. మాట్లాడు. కడుపులో ఉన్నప్పటినుంచీ వాడికి నీ గొంతు అలవాటే,” అన్నాను. ఇది ఊరికే ధైర్యానికి చెప్పే మాట కాదు. తల్లి మాట్లాడితే సాచురేషన్, అంటే రక్తంలో ప్రాణవాయువు, కాస్త పెరగడం మానిటర్ మీద నేను ఎన్నోసార్లు చూశాను.

మాధవి చెయ్యి పెట్టింది. నోరు మాత్రం విప్పలేదు.

మరునాడూ అంతే. ఆ తర్వాతా అంతే. వచ్చేది, తల మీద వేలు ఆనించేది, పెదవులు బిగబట్టి నిలబడేది. కళ్ళ నీళ్ళు మాస్కులోకి కారేవి. కాన్పు తర్వాత దిగులు కొందరికి ఇలా ఉంటుంది కదా అనుకుని డాక్టరుగారి చెవిన వేశాను. ఒకరోజు ఆగలేక నేనే కసిరాను.

“ఏమ్మా, పక్కనే తల్లి ఉందని వాడికి ఎలా తెలుస్తుంది? రెండు ముక్కలు మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“నోరు తెరిస్తే ఆ పేరే వచ్చేస్తుందండీ,” అంది. “అది పిలవకూడదట. అందుకే అసలు మాట్లాడట్లేదు.”

“ఏ పేరు?”

నా చెవి దగ్గరికి వంగి, గాజుపెట్టెకు వినబడకుండా చెప్పింది.

అప్పుడు తెలిసింది సంగతి. మూడో నెలనుంచే వాళ్ళు పేర్లు అనుకున్నారట. అబ్బాయైతే విహాన్, అమ్మాయైతే విహారిక. ఎవరైనా సరిపోయేలా కడుపులో బిడ్డను ‘విహా’ అని పిలిచేదట. ఆఫీసుకు క్యాబ్‌లో వెళుతూ, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కాల్స్ మధ్యలో మ్యూట్‌లో పెట్టుకుని పిలిచేదట. పిలిస్తే లోపల కదిలేవాడట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కాదు, ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది. ఆ పేరుకు తగ్గ నక్షత్రం కూడా వాళ్ళు ముందే చూసి పెట్టుకున్నారు. సిజేరియన్‌కు ముహూర్తం పెట్టించడం మా దగ్గర మామూలే. ‘వి’ అక్షరం వచ్చే నక్షత్రం, పాదం చూసి కిరణ్ వాళ్ళ గురువుగారు ఆ రోజు ఖాయం చేశారు. బిడ్డ గదిలో గోడకు ‘విహా’ అనే అక్షరాలు అంటించేశారు కూడా.

బిడ్డ ముహూర్తం దాకా ఆగలేదు. మాధవికి ఉన్నట్టుండి బీపీ పెరిగిపోతే ఆదరాబాదరా ఆపరేషన్ చేసి తీశారు. హస్తా నక్షత్రం, నాలుగో పాదం. దానికి వచ్చిన అక్షరం ‘ఠ’. పాత పేరు ఈ జాతకానికి పడదు, ఆ పేరుతో పిలిస్తే బిడ్డకే గండం, కొత్త పేరు నేను చూసి చెప్పేదాకా పిలవొద్దు అని గురువుగారు ఫోన్లో చెప్పారట. రెండుసార్లు కడుపు పోగొట్టుకున్న తల్లికి గండం అనే మాట వినిపించాక ఇంకేం చెవికెక్కుతుంది?

కిరణ్‌ను బయట పట్టుకున్నాను. “ఠతో ఏం పేరు పెడతారు సార్? ఠాగూరనా, ఠాణాదారనా?”

అతనికి నవ్వు రాలేదు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. “పరేషాన్ చెయ్యకుండ్రి సిస్టర్. గురువుగారు న్యూమరాలజీ కూడా కలిపి చూస్తున్నరు. జర టైమ్ పడ్తదన్నరు. నేను ఇంజినీర్నే, నాకు తెల్వదా? కానీ రెండుసార్లు అన్నీ సైన్స్ ప్రకారమే చేసినం. ఏమైంది?”

నాకు కోపం పోలేదు. “అయితే పేరొద్దు. కనీసం నాన్నా, బుజ్జీ అనమనండి ఆమెను.”

“అంటలేదు సిస్టర్. నోట్లకెళ్ళి అదే వస్తదని భయపడ్తుంది.”

కిరణ్ వాళ్ళమ్మ నర్సమ్మ ఎప్పుడూ మా గది బయట నేలమీదే కూచునేది, కుర్చీలున్నా సరే. ఆమెకు గురువుగారి లెక్క ఒక్కటీ నచ్చలేదు.

“గా అక్షరాలు ఏందో, గా ఫోన్లేందో నాకు సమజ్ గాదు బిడ్డా,” అంది నాతో. “మా దిక్కు పుట్టినోళ్ళు పుట్టినట్టే పోతుంటే, పోరన్ని పెంటకుప్ప మీద పండబెట్టి తీస్తరు. పెంటయ్య అని పేరు పెడ్తరు. యముడు గూడ ఛీ గిదేం పేరని ముట్టడు. మా మర్దికి గట్లనే పెట్టిన్రు. పండు ముసలోడైనంక పోయిండు.”

“మీ అబ్బాయితో చెప్పారా?”

“చెప్పిన. అమ్మా, నువ్వు ఊకో, పెద్దగైనంక వాడు నన్ను తిడ్తడన్నడు.” ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. “తిట్టనియ్యి. తిట్టెటందుకన్న బతకాలె గద.”

చూశారా, ఆ బిడ్డకు పేర్లు లేక కాదు. తల్లికొకటి, తండ్రికొకటి, నాయనమ్మకొకటి. ముగ్గురూ వాణ్ని బతికించుకోవాలనే చూశారు. గాజుపెట్టెలో ఉన్నవాడికి మాత్రం ఒక్క పిలుపూ అందలేదు. మిగతా పిల్లలకు తగిలించినట్టు వాడికి నేనేదీ తగిలించలేకపోయాను. మాధవి అలా పెదవులు బిగబట్టి నిలబడ్డాక నాకు సరదా పేర్లు నోటికి రాలేదు.

మధ్యలో కొన్నాళ్ళు వాడు మమ్మల్ని ఆశ పెట్టాడు. వెంటిలేటర్ తీసేశారు. చిన్న గొట్టంతో తల్లిపాలు చుక్కచుక్కగా ఎక్కించాం, అరిగించుకున్నాడు. కంగారూ కేర్ మొదలుపెట్టాం, అంటే బిడ్డను తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టడం. మాధవి మొహంలో మొదటిసారి నెత్తురు కనబడింది. గుండె మీద బిడ్డ, వాడి నెత్తి మీద ఆమె గడ్డం. అప్పుడైనా ఏదైనా పాడమన్నాను. తల అడ్డంగా ఊపింది. “పేరు ఖాయమవుతుందండీ. అమావాస్య వెళ్ళాక చెప్తారట. అప్పుడు రోజంతా పిలుస్తాను. మీకే విసుగొస్తుంది చూడండి.”

అమావాస్య రాకముందే బాబు పొట్ట ఉబ్బింది. నెలలు నిండని పిల్లల్లో ఒక్కోసారి పేగులు పాడవుతాయి. పాలు ఆపాం, మందులు మార్చాం, మళ్ళీ వెంటిలేటర్ పెట్టాం. సర్జన్ వచ్చి చూశారు. ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకోదన్నారు. డాక్టరుగారు కిరణ్‌నూ మాధవినీ పక్క గదిలో కూచోబెట్టి, ఇక చెయ్యగలిగింది లేదని, బిడ్డను ఒళ్ళో పెట్టుకోవచ్చని చెప్పారు. బయట వర్షం పడుతోంది. ఆఫీసుల దగ్గర భోజనాల వేళ, జనం గొడుగులు వేసుకుని నవ్వుకుంటూ రోడ్డు దాటుతున్నారు. ఆ నవ్వులు చూస్తే నాకు ఒళ్ళు మండింది. వాళ్ళేం చేశారు పాపం.

ఇలాంటప్పుడు మేము తెర లాగి, వైర్లు కొన్ని తీసేసి, బిడ్డను తల్లి చేతికిస్తాం. ఆ పని నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు. నర్సమ్మను కూడా లోపలికి పిలిచాను. మాధవి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు కూడా పెదవులు బిగబట్టే ఉంది. కిరణ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నర్సమ్మ ముందుకొచ్చి కోడలి తల మీద చెయ్యి వేసింది.

“పిలువు బిడ్డా. నీ నోట్ల ఉన్న పేరుతోనే పిలువు. ఇగ ఏం గండం ఉంది? అంతా అయిపాయె.”

మాధవి భర్తవైపు చూసింది. కిరణ్ ఇటు తిరగకుండానే, “పిలువు మాధవీ,” అన్నాడు.

“విహా,” అంది. మళ్ళీ అంది. ఆ తర్వాత ఆగలేదు. “విహా, నాన్నా, అమ్మ ఇక్కడే ఉంది. విహా.” ఇన్నాళ్ళు ఆపుకున్నదంతా ఒక్కసారి తెగినట్టు పిలుస్తూనే ఉంది.

నేను మానిటర్ చూశాను. పదేళ్ళుగా ఈ పనిలో ఉన్నదాన్ని, ఏం కనబడుతుందో నాకు తెలియదా? అయినా చూశాను. ఒక్క అంకె అయినా పైకి కదులుతుందేమో అని. కదల్లేదు. తగ్గేవి తగ్గుతూనే ఉన్నాయి. ఆమె పిలుస్తుండగానే డాక్టరుగారు స్టెతస్కోప్ పెట్టి చూసి, తల వంచుకున్నారు. ఆమె అప్పటికీ పిలుస్తూనే ఉంది.

బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి కిరణ్ చేతికి ఇచ్చేముందు మాధవి నా చెయ్యి పట్టుకుంది.

“కడుపులో ఉన్నప్పుడు రోజూ పిలిచేదాన్ని కదండీ. పుట్టాక ఇవాళ్టిదాకా ఒక్కసారీ పిలవలేదు. అమ్మ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది అనుకున్నాడంటారా?”

“లేదమ్మా. నీ గుండె మీద పడుకున్నాడు కదా. నీ గుండె చప్పుడు వాడికి తెలుసు,” అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ మాట నమ్మి ఇంటికెళ్ళిందని కూడా అనుకోను. వాళ్ళు ఆ ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్ళిపోయారని తర్వాత ఎవరో చెప్పారు. గోడమీద అక్షరాలు పీకి వెళ్ళారో, అలాగే వదిలి వెళ్ళారో.

ఈ కేసు నాకేం నేర్పిందంటే చెప్పుకోదగ్గ గొప్ప విషయమేమీ లేదు. ఆ పేరు పిలిచినా వాడు బతికేవాడు కాదు. అది నాకు తెలుసు. పేరు ప్రాణం పొయ్యదు, తియ్యదు. కానీ గండం తప్పించుకుందామని ఆమె దాచుకున్న ఆ పిలుపు మళ్ళీ ఎవరికీ ఇచ్చుకునేది కాదు. అప్పటినుంచి కొత్తగా వచ్చిన ప్రతి తల్లినీ మొదటిరోజే అడుగుతున్నాను, “కడుపులో ఉన్నప్పుడు ఏమని పిలిచేదానివమ్మా?” అని. కొందరు సిగ్గుపడి బంటీ అనో, చిట్టీ అనో చెబుతారు. జాతకం చూపించాలి అనేవాళ్ళూ ఉంటారు. “అది బారసాలకు చూసుకోండి, ఇక్కడ మాత్రం పాత పేరుతోనే పిలవండి,” అని కసురుతాను. కొందరు వింటారు, కొందరు వినరు.

మొన్న మళ్ళీ ఒక విహాన్ వచ్చాడు. గట్టివాడే, బరువు పెరుగుతున్నాడు. వాళ్ళమ్మ వచ్చిన ప్రతిసారీ గాజుపెట్టె కిటికీలోకి వంగి ఆ పేరు పిలుస్తుంది. పిలవమని చెప్పింది నేనే. ఆమె పిలిచేటప్పుడు మాత్రం గదిలో ఆ చివరికి వెళ్ళి, అక్కడున్న ఇంకో బిడ్డ దగ్గర ఏదో ఒక పని కల్పించుకుంటాను.